తొమ్మిదో తరగతి పిల్లలతో రాయబారం: కృష్ణుడి వేషం ఎవరికివ్వాలి?

కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో పనిచేసే తెలుగు మాస్టారు ఒకరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో శ్రీకృష్ణ రాయబారం ఆడించాలనుకుంటున్నారు. నలభై ఏళ్ళుగా పద్యనాటకాలు ఆడుతున్న కళాకారుడు ఒకాయన నేర్పడానికి ఒప్పుకున్నాడు, పైగా కృష్ణుడి వేషం తనే కడతానంటున్నాడు. పిల్లల్లో ఒక్కరికీ పద్యం పాడే అలవాటు లేదు. చదువులు పాడవుతాయని హెడ్మాస్టరు గారి భయం. ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది, ప్రాంప్టింగ్ (తెర చాటు నుంచి మాట అందించడం) పెట్టుకోవచ్చా, కృష్ణుణ్ణి ఆయనకే ఇచ్చేయమంటారా?

మాస్టారూ, ఆ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఇవ్వొద్దు. ఎంత మొహమాటం అయినా సరే ఇవ్వొద్దు.

నేను ఒంగోలు చుట్టుపక్కల స్కూళ్ళలో ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను, అంతకుముందు కుర్రతనంలో ఒక నాటక సమాజంలో వికర్ణుడు, సాత్యకి లాంటి వేషాలు కట్టాను, అంటే తెర లేచినప్పటి నుంచి పడేదాకా కత్తి పట్టుకుని నిలబడే వేషాలన్నమాట. పిల్లలతో మొదటిసారి నాటకం ఆడించినప్పుడు మీరు చేయబోతున్న పనే చేశాను. రాయబారం సీను, కృష్ణుడుగా పేరున్న కళాకారుడు, మిగతా సభంతా మా తొమ్మిదో తరగతి. ఆయన స్టేజి ఎక్కగానే ఈలలు. ఒక్కో పద్యానికి మూడు నాలుగు నిమిషాలు రాగం, వన్స్ మోర్ అంటే మళ్ళీ అదే పద్యం, ఈసారి ఇంకా పొడుగ్గా. సింహాసనం మీద దుర్యోధనుడు, పద్నాలుగేళ్ళ పిల్లాడు, మొదట్లో ఛాతీ విరుచుకుని కూర్చున్నవాడు కాసేపటికి జారగిలబడ్డాడు, ఇంకాసేపటికి అంటించిన మీసం గోక్కున్నాడు, కర్ణుడైతే బహిరంగంగా ఆవలించాడు. అయిపోయాక శాలువాలు, దండలు అన్నీ ఆయనకే. రంగు కడుక్కునే దగ్గర దుర్యోధనుడు నా దగ్గరికొచ్చి "సార్, నేను ఎట్ట చేశాను?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే నేనూ వాణ్ణి చూడలేదు, అందరిలాగే కృష్ణుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

ఇందులో ఆ కళాకారుడి తప్పేమీ లేదు. తిరునాళ్ళలో కాంట్రాక్టు నాటకం అంటే రాత్రి తొమ్మిదికో పదికో మొదలై తెల్లారుజామున ముగుస్తుంది, ఎదురుగా వందలమంది, వాళ్ళల్లో సగం మంది పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు, వాళ్ళని కూర్చోబెట్టాలంటే గొంతు ఒక్కటే ఆయుధం. ఆయన నేర్చిన విద్య అది. దాన్ని తెచ్చి పక్కన వణుకుతున్న పిల్లల మధ్య పెట్టిన నాదే తెలివితక్కువతనం. అసలు పెద్ద నటుల్లోనే ఈ రాగాల గొడవ నచ్చనివాళ్ళు ఉన్నారు, బళ్ళారి రాఘవ గారు పద్యాన్ని తగ్గించి నటన మీదే నిలబడ్డ మనిషి. మీ కళాకారుడికి ఈ మాట నేరుగా చెప్పకండి గానీ రాఘవ గారి కబుర్లు ఎత్తితే ఆయనే కదిలి చెప్తాడు, అక్కణ్ణుంచి దారి దొరుకుతుంది.

మరి ఆయన మనసు నొచ్చుకోకుండా ఎట్టా అంటారా. ధృతరాష్ట్రుడి వేషం ఇవ్వండి. నవ్వులాటకి అనట్లేదు. గౌరవమైన వేషం, వయసుకి తగ్గది, సభలో మధ్యన కూర్చుంటాడు, మాటలు తక్కువ. దీనివల్ల ఇంకో పెద్ద ఉపయోగం కూడా ఉంది, చివర్లో చెప్తాను.

ఆయన నుంచి మీరు తీసుకోవలసింది వేషం కాదు, రిహార్సల్. నా రెండో ప్రయత్నంలో వచ్చిన కళాకారుడు అరవై దాటిన మనిషి, కనిగిరి వైపు ఆయన. మొదటి రోజు హార్మోనియం పెట్టె తెరవనే లేదు. కృష్ణుడు వేసే పిల్లాణ్ణి ఎదురుగా చాప మీద కూర్చోబెట్టుకుని "ఏమబ్బయ్యా, మీ ఇంట్లో పొలం తగాదాలేమన్నా ఉన్నయ్యా?" అని అడిగాడు. ఉన్నయ్ తాతా, మా నాయనకీ పెదనాయనకీ గట్టు తగాదా అన్నాడు వాడు. "అయితే మీ నాయన నిన్ను మీ పెదనాయన దగ్గరికి పంపించినాడనుకో. నేనే మీ పెదనాయన్ని. చెప్పు." పిల్లాడు తల గోక్కుని, నేల చూసి, మెల్లగా ఎత్తుకున్నాడు: "పెదనాయనా, అయిందేదో అయిపోయింది. నువ్వు చేసినవన్నీ మావోళ్ళు ఓర్చుకున్నారు. ఇప్పుడు నన్ను పంపించినారు. నీ పిల్లలూ మేమూ బాగుండాలంటే గట్టు సంగతి తేల్చుకుందాం, కాదంటావా, రేపు కోర్టుకే పోదాం. ఏదో ఒకటి చెప్పు." ముసలాయన తొడ చరిచి "అదేరా పద్యం! నువ్వే చెప్పేసినావు గదరా" అన్నాడు.

మీకు తెలియనిది కాదు, ‘చెల్లియో చెల్లకో’ పద్యంలో ఉన్నది సరిగ్గా ఇదే వరస. ఓర్చుకున్నారు, గడిచిపోయింది, నన్ను పంపారు, పొత్తా పోరా తేల్చి చెప్పు. ఆయన ఆ రోజంతా ఒక్కో ముక్కకి పిల్లాడి మాట పక్కన పద్యంలో మాట పెట్టుకుంటూ పోయాడు, సాయంత్రానికి వాడికి పద్యం కంఠతా వచ్చేసింది, బట్టీ పట్టకుండానే. రాగం వారం తర్వాత వచ్చింది. అది కూడా ఒక్క వరస, చిన్న ఎత్తుగడ, చివర్లో కొద్దిగా సాగదీత, అంతే. (ఆ పెదనాయన నాటకానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గట్టు తగాదా మాత్రం ఇప్పటికీ అట్నే ఉంది.)

క్లాసులో నేను అదే పద్యం ప్రతిపదార్థం రాయించి పదేళ్ళు చెప్పాను, ఒక్కడికీ అట్టా ఎక్కలేదు. వృత్తి కళాకారుణ్ణి పిలవడం ఎందుకంటే ఇందుకు. ఆయన ఆ పద్యాన్ని కొన్ని వందల రాత్రులు నోట్లో నలిపినవాడు, దాంట్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట దగ్గర ఎదుటివాడి కళ్ళలోకి చూడాలో ఆయనకి ఒంట్లో ఉంటుంది. మనకి పుస్తకంలో ఉంటుంది.

ఇక నాటకం ఎంపిక. రాయబారం సీను బాగుంటుంది గానీ సభ నిండా మనుషులు కావాలి, అందులో పది మంది ఊరికే కూర్చునేవాళ్ళే. మొదటిసారి కాబట్టి అదే తిరుపతి వేంకట కవుల నాటకంలోని పడక సీను చూడండి. కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు, దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ళ దగ్గర, ముగ్గురికీ సమానంగా పని ఉంటుంది, కొంచెం నవ్వు ఉంటుంది, పద్యాలు జనానికి తెలిసినవే, కోస్తే ఇరవై ఐదు నిమిషాలకి వస్తుంది. రెండూ కలిపి నలభై ఐదు నిమిషాలు చేసుకోవచ్చు. అంతకు మించితే ఆ వయసు గొంతులు ఆగవు. కథ పరిచయం చేసేటప్పుడు ఉద్యోగపర్వం తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరు మనిషే అని ఒక ముక్క చెప్పండి, పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు.

హరిశ్చంద్రలో కాటి సీను కావాలని ఊళ్ళో పెద్దలు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. నేను వద్దంటాను. శవం, ఏడుపు, వరసగా బరువైన పద్యాలు, పెద్ద నటులకే గొంతు జీరబోతుంది. కన్యాశుల్కం అచ్చులో ఏడంకాలు, మొత్తం ఆడే ప్రసక్తే లేదు, గిరీశం వెంకటేశం మాటలు ఒక చిన్న ముక్కగా తీసుకోవచ్చు గానీ చుట్ట సంగతి ముందే తేల్చుకోండి, లేకపోతే తల్లిదండ్రుల సమావేశంలో మీరు తేలాల్సి వస్తుంది. మీ స్కూల్లో ఆడపిల్లలు ఎక్కువైతే కాళ్ళకూరి నారాయణరావు గారి వరవిక్రయం నా ఓటు. వచనం ఎక్కువ, తల్లి భ్రమరాంబ, కూతుళ్ళు కాళింది, కమల ముగ్గురికీ చేతినిండా పని. కాళింది చనిపోయే ఘట్టం ఈ వయసు పిల్లల చేత ఆడించకండి, రెండు మాటల్లో వ్యాఖ్యాత చేత చెప్పించేసి చివరి కోర్టు రంగానికి పోండి, డబ్బిచ్చి కొన్న మొగుడు కాబట్టి వాడే మా ఇంటికి రావాలి అని కమల వాదించేది. మా ఊళ్ళో ఆ రంగానికి ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మగవాళ్ళు నవ్వినట్టు నటించారు.

నెల్లూరు గడ్డ మీద ఆడుతున్నారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. వేదం వెంకటరాయశాస్త్రి గారు నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించినవారు. ఆయన ప్రతాపరుద్రీయం 1897 నాటిది. అందులో రాజు రాజులా, చాకలి పేరిగాడు పేరిగాడిలా మాట్లాడతారు, పాత్రోచిత భాష అంటే ఆయన పేరే చెప్తాం కదా. పేరిగాణ్ణి రాజు స్థానంలో కూర్చోబెట్టే ఘట్టం పిల్లలకి పండగ. ఒకసారి ఆ వేషం వేసిన అబ్బాయి ఊరి యాసని కలిపేస్తుంటే నేను దిద్దబోయాను, పక్కనున్న కళాకారుడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాకపోతే కులం మీద ఎత్తిపొడుపు మాటలు కొన్ని ఇప్పటి స్కూలు స్టేజి మీద అనిపించకూడనివి, వాటిని మీరే కూర్చుని కత్తిరించండి, ఆ పని కళాకారుడికి వదలొద్దు.

అనుమతుల సంగతి చాలామంది అడగరు, మీరూ అడగలేదు. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ, కాళ్ళకూరి, తిరుపతి వేంకట కవుల నాటకాలకి ఆ చిక్కు లేదు. ఆత్రేయ గారు సూళ్ళూరుపేట వైపు మనిషి కదా అని ఆయన ఎన్జీవో నాటకం తీసుకుంటే అది ఇంకా కాపీరైటులోనే ఉంది. కాటి సీనులో పాడే జాషువా గారి పద్యాలు కూడా అంతే, ఆయన 1971లో పోయారు. స్కూలు లోపల, పిల్లలూ టీచర్లూ తల్లిదండ్రుల ముందు ఆడుకుంటే చట్టం వెసులుబాటు ఇస్తుంది. టౌన్‌హాల్లో పెట్టి ఊరందరినీ పిలిస్తే మాత్రం అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు గొంతు. మీ అసలు ఇబ్బంది ఇదే, పద్యం అలవాటు లేకపోవడం కాదు. పదమూడు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లలకి గొంతు మారుతుంటుంది, ఆగస్టులో చక్కగా పాడినవాడు డిసెంబరుకి కప్పలా బెకబెకమంటాడు. నాకు ఒక అర్జునుడు అట్టాగే వారం ముందు చేతులెత్తేశాడు, పాపం వాడి తప్పు కాదు. అందుకని పద్యాల వేషాలు ఆడపిల్లలకి ఇవ్వండి. ఐదు, ఐదున్నర శ్రుతిలో, అంటే కాస్త పై స్థాయిలో, హాయిగా పాడతారు. గొంతు మారుతున్న మగపిల్లలకి వచనం ఎక్కువున్న వేషాలు ఇవ్వండి, వాళ్ళు పాడాల్సి వస్తే ఒకటో శ్రుతికి దించి, రాగం లేకుండా పద్యం చదివించండి. హార్మోనిస్టుకి ఈ మార్పులు ముందే చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ పెద్దవాళ్ళ శ్రుతిలోనే మొదలెట్టేస్తాడు. ఆడపిల్ల కృష్ణుడేమిటి అని ఎవరన్నా అంటే బాపట్ల స్థానం నరసింహారావు గారు జీవితమంతా సత్యభామ లాంటి ఆడవేషాలు కట్టి 1956లో పద్మశ్రీ తెచ్చుకున్నాడని చెప్పండి. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకట.

టైము సంగతికి వస్తే మన జిల్లాల్లో క్యాలెండరు చాలా మటుకు మన చేతిలో లేదు. కళాకారులకి శివరాత్రి నుంచి ఎండాకాలం దాకా తిరునాళ్ళ సీజను, అదే వాళ్ళ సంవత్సరం సంపాదన, అప్పుడు పిలవడం అన్యాయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, తుఫాను, ఆరుబయట స్టేజి మాట మర్చిపోవాలి. నవంబరు 14న పెట్టుకుని ఒకసారి షామియానా సహా తడిసిపోయాం, కురుసభలో నీళ్ళు. డిసెంబరు నుంచి పదో తరగతికి స్పెషల్ క్లాసులు కాబట్టి వాళ్ళని తీసుకోవద్దు, ఎనిమిది, తొమ్మిది చాలు. ఇవన్నీ చూసుకుంటే ఆగస్టు ఆఖరున మొదలుపెట్టి, వానల్లో క్లాసురూములో రిహార్సల్ నడిపి, సంక్రాంతి సెలవులైన రెండో వారంలో ఆడటం బాగా కుదురుతుంది. వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కోటి గంటన్నర, ఆఖరి రెండు వారాలు మాత్రం రోజూ. కళాకారుడు ప్రతిసారీ రానక్కర్లేదు, వారానికి ఒకసారి చాలు, మిగతాది మీరు చూసుకోవాలి. ఏప్రిల్ 16, వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కాబట్టి ఆ రోజే ఆడాలని కొందరికి ముచ్చట. ఎండలకి పగటి రిహార్సళ్ళు నడవవు, కళాకారుడు దొరకడు. ముచ్చట పక్కన పెట్టండి.

హెడ్మాస్టరు గారికి మాత్రం ఆ వీరేశలింగం గారి సంగతే చెప్పండి. ఆయనా బడిపంతులే, 1880లో రాజమండ్రిలో తన వ్యవహార ధర్మబోధిని నాటకం ఆడించింది విద్యార్థుల చేతే. అది చాలకపోతే టంగుటూరి ప్రకాశం గారు. ఒంగోల్లో చదువుకునే రోజుల్లో నాటకాల్లో వేషాలు కట్టాడు, ఆ నాటకాలు నడిపిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారే ఆయన్ని చేరదీసి రాజమండ్రి తీసుకుపోయి చదివించాడు. నాటకాలాడి చెడిపోయిన ఆ పిల్లాడు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. మా హెడ్మాస్టరు ఈ మాటకి నవ్వి సంతకం పెట్టాడు, మీవారి సంగతి మీకే తెలియాలి.

ఖర్చు ఊరిని బట్టి, తెలిసినవాళ్ళని బట్టి మారుతుంది. నేను చేసిన ఆఖరి నాటకానికి డ్రెస్సులు, మేకప్, హార్మోనియం, తబలా, మైకులు, కళాకారుడికి ఇచ్చింది అన్నీ కలిపి 30 వేల లోపే అయింది, పూర్వ విద్యార్థులు వేసుకున్నారు. డబ్బు తగ్గితే తెరలు తగ్గించుకోండి, మైకు మాత్రం తగ్గించకండి. స్టేజి ముందు అంచున మూడు మైకులు ఉండాలి, పిల్లల గొంతులు నాలుగో వరస దాటవు. కళాకారుడికి ఇచ్చేది ఎంతైనా కవర్లో పెట్టి, నాటకం రోజే, చేతికివ్వండి. ‘పిల్లల కోసం ఫ్రీగా చేస్తారులే’ అని మనమే అనేసుకోకూడదు, అది ఆయన కూడు. బస్సు ఛార్జీలు విడిగా, రిహార్సల్ రోజు భోజనం మన ఇంట్లో, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకుని వదలాలి.

రిహార్సల్ ఎప్పుడూ తలుపులు తీసిన గదిలో, ఒక టీచరమ్మ ఉండగానే జరగాలి. ఎంత పెద్దమనిషి వచ్చినా, ఎన్నేళ్ళ పరిచయం ఉన్నా ఇందులో మార్పు లేదు. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇంటికి చేరాలి, దూరం వాళ్ళకి ఎవరు తోడు వెళ్తారో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. తల్లిదండ్రుల సంతకాలు కూడా అప్పుడే.

అద్దె డ్రెస్సులు పెద్దవాళ్ళ కొలతలకి ఉంటాయి. కిరీటం పిల్లల తలకి వదులై నమస్కారం పెట్టగానే ముక్కు మీదికి దిగుతుంది, లోపల గుడ్డ చుట్టి పెట్టి, ఆ కిరీటంతోనే కనీసం రెండు రిహార్సళ్ళు చేయించండి. రంగు కొందరికి పడదు. మా ద్రౌపది బుగ్గలు ఒకసారి కందిపోయి ఎర్రగా పొంగాయి, అందుకని రెండు రోజుల ముందే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి. తీసేటప్పుడు కొబ్బరినూనె, సబ్బు తర్వాత. మీసం జిగురు పెదవికి ఆనకూడదు.

ప్రాంప్టింగ్ అడిగారు కదా. తెర చాటున టీచరు నిలబడి అందించడం మొదలుపెడితే పిల్లలు ఎదుటి పాత్రని వదిలేసి ఆ వైపే చూస్తారు, జనానికి మన గొంతు వాళ్ళ గొంతు కంటే ముందు వినపడుతుంది. ధృతరాష్ట్రుడి ఉపయోగం అక్కడే. ఆయన సభ మధ్యలో, అందరికీ దగ్గరలో, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటాడు, నాటకం మొత్తం నోటికి వచ్చిన మనిషి. పిల్లాడు ఆగిపోతే "ఏమంటివి కృష్ణా, ఎల్లి రణమంటివా?" అని అడుగుతాడు (ఎల్లి అంటే రేపు, పద్యంలోదే ఆ మాట), అది నాటకంలో మాటే అనుకుంటారు చూసేవాళ్ళు, వాడికి మాత్రం తర్వాతి పాదం దొరుకుతుంది. మా నాటకంలో ఆ కనిగిరాయన అట్టా మూడుసార్లు అడిగాడు. రెండుసార్లు నాకు తెలిసింది, మూడోది ఎక్కడో తర్వాత పిల్లాడు చెప్తేగానీ తెలియలేదు.